లేబుల్ మీద లేని పేర్లు

మాది యాడికి. బస్సులో కండక్టరు "యాడికి?" అంటే "యాడికికే" అని టికెట్టు తీసుకునే ఊరు. కరువు సీమలో కూచుని అమెరికా జాజ్ గురించి రాస్తాడేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వండి. కానీ మా పెండ్లి ఊరేగింపుల్లో వినిపించే ట్రంపెట్టూ క్లారినెట్టూ ఆ జాజ్‌లోనూ ఉన్నాయి. ఇంకో పోలిక కూడా ఉంది. వాయించేవాళ్ళ పేర్లు ఎవరూ అడగరు!

1924లో న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చేరాడు. ఉన్నది ఏడాదే. 1925లో ఆ బృందం ఇచ్చిన 'షుగర్ ఫుట్ స్టాంప్' రికార్డు దొరికితే వినండి. మొత్తం మూడు నిమిషాల ప్లేటు. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటరిగా కార్నెట్టు వాయించేది నిమిషం లోపే. కార్నెట్టంటే ట్రంపెట్టుకు తమ్ముడనుకోండి. ఆ కాసేపట్లోనే పాటకు ప్రాణం లేచొస్తుంది.

మరి ఆ బృందానికి బాణీలు కూర్చి పెట్టిందెవరు? డాన్ రెడ్‌మన్. ఇత్తడి వాద్యాలు ఒక పక్క, శాక్సఫోన్లూ క్లారినెట్లూ ఒక పక్క. ఒకరు అడుగుతారు, ఇంకొకరు జవాబిస్తారు. మన చెక్కభజనలో గురువు ఎత్తుకుంటే దళం అందుకుంటుందే, ఆ పద్ధతే. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం హెండర్సన్ పేరే.

విధి చూడండి! 1934 నాటికి హెండర్సన్ చేతిలో డబ్బు లేదు. తన కూర్పుల్ని బెన్నీ గుడ్‌మన్‌కి అమ్ముకున్నాడు. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజిలిస్‌లోని పాలొమార్ హాల్లో గుడ్‌మన్ వాటిని వాయిస్తే కుర్రకారు వెర్రెత్తిపోయారు. 'స్వింగ్ రాజు' బిరుదు గుడ్‌మన్‌కి దక్కింది. ఆ కూర్పులు ఎవరివో ఆయన దాచలేదు, అది ఆయన పెద్దమనసు. అయినా జనం నోట నిలిచిన పేరు ఒక్కటే.

అంత దూరం ఎందుకు? 'మల్లీశ్వరి' (1951) పాటలనగానే సాలూరి రాజేశ్వరరావుగారు, ఘంటసాల, భానుమతి గుర్తొస్తారు. న్యాయమే. ఆ పాటల వెనక వాద్యాలను తీర్చి కూర్చిన అద్దేపల్లి రామారావుగారు ఎందరికి గుర్తు? 'బంగారు పాప' (1955)కు సంగీత దర్శకుడూ ఆయనే. బొంబాయిలో ప్యారేలాల్‌కి వయొలిన్ నేర్పిన ఆంథోనీ గొన్సాల్వెజ్ అదృష్టవంతుడు. 1977లో 'అమర్ అక్బర్ ఆంథోనీ' పాటలోకి ఆయన పేరే ఎక్కింది. అలాంటి అదృష్టం ఎందరికి పట్టింది చెప్పండి?

కాబట్టి ఒక్క మనవి. ఈసారి పాత సినిమా పెట్టుకున్నప్పుడు టైటిల్సు జరిపెయ్యకండి. వాద్యబృందం పేర్లు పడితే, అక్కడ ఒక్క క్షణం ఆగండి. వాళ్ళకి మనం బాకీ ఉన్నది ఆ క్షణమే.