ఎరువు సొమ్ము

ఎరువు తెచ్చుకున్న సొమ్మును అలంకరించుకోవడం సులభం. చెక్కు చెదరకుండా వేళకు తిరిగి అప్పగించడమే కష్టం. “ఎరువు సొమ్ము బరువు చేటు” అన్న సామెత ఆ కష్టం తెలిసినవారి నోట పుట్టినదే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘అమానత్’ అనే మాట ఉన్నది. పరుల వస్తువు మన చేతిలో ఉన్నంతకాలం దాని భారం మనదేనన్న భావం అందులో ఇమిడి ఉన్నది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకుంటున్న మన విద్యార్థులకు మెమరీని తీసుకోవడం నేర్పుతున్నాము గాని, తిరిగి అప్పగించడం తగినంతగా నేర్పడం లేదని నా అభిప్రాయం. సాధారణ ప్రోగ్రాములలో ఈ లోపం కొంతకాలం దాగి ఉండవచ్చు. ఒక్క రంగంలో మాత్రం అది దాగదు. ఆ రంగాన్ని గూర్చియే ఈ నాలుగు మాటలు.

భాషా బోధకునికి ఈ ప్రస్తావన దేనికని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మన కంప్యూటరు విభాగపు విద్యార్థులు తమ సెమినారుకు తెలుగు పారిభాషిక పదాలు కావాలని నా వద్దకు వచ్చారు. విషయం తెలియనిదే పదం కూర్చడం సాధ్యం కాదు గనుక వారితో పాటు నేనూ కూర్చుని చదివాను. చదివిన కొద్దీ పదాల గొడవ వెనుకబడి విషయమే నన్ను పట్టుకున్నది.

ఒక కంప్యూటరు లోపల, తానే ఒక సంపూర్ణ యంత్రమన్నట్లు నడిచే మరొక కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. దానిని అతిథి అనీ, దానిని మోసే యంత్రాన్ని ఆతిథేయి అనీ వ్యవహరిస్తారు. అతిథిలో ఏ ప్రోగ్రామునూ ప్రవేశపెట్టకుండా, బయట నుండియే దాని మెమరీని, ప్రాసెసరు స్థితిని పరికించే విద్యకు ఇంట్రాస్పెక్షన్ అని పేరు. మేము దానిని అంతర్దర్శనం అన్నాము. 2003లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టాల్ గార్ఫింకెల్, మెండెల్ రోజెన్‌బ్లమ్ ఈ విషయమై పరిశోధన పత్రం ప్రకటించారు. ఇంట్లో చొరబడిన దొంగ ఇంటిలోని కాపలాదారుని కట్టివేయగలడు. గోడ అవతల నిలబడి చూసేవానిని కట్టివేయడం అంత తేలిక కాదు. వారి వాదంలోని సారం ఇంచుమించు ఇది. నేడు జెన్ వంటి ఆతిథేయ వ్యవస్థల మీద, లిబ్‌విఎంఐ అనే సి భాషా గ్రంథాలయం సహాయంతో ఈ పని చేస్తున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. మామూలు ప్రోగ్రాములో ఒక వస్తువు, అనగా ఆబ్జెక్టు, కొంత మెమరీని ఆక్రమిస్తుంది. దానిని విడువడం మరచినా ప్రోగ్రాము ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మెమరీని స్వాధీనం చేసుకుంటుంది. “ఎలాగూ ముగిసిపోతుంది కదా!” అన్న నిర్లక్ష్యం విద్యార్థులలో ఇక్కడి నుండియే మొలకెత్తుతుంది. అంతర్దర్శన ప్రోగ్రాములోని వస్తువు అటువంటిది కాదు. అది పరుల ఇంట్లో మనం చేసి వచ్చిన ఒక మార్పుకు గుర్తు. బ్రేక్‌పాయింట్‌నే తీసుకోండి. అతిథి కెర్నల్‌లోని ఒక ఆదేశం మొదటి బైటును తొలగించి, ఆ స్థానంలో ఒక్క బైటు గల నిలుపుదల ఆదేశాన్ని వ్రాస్తారు. పాత బైటు మన ప్రోగ్రాములోని ఒక వస్తువులో భద్రంగా ఉంటుంది. ఆ బైటును తిరిగి పెట్టకుండా మన ప్రోగ్రాము కన్ను మూసినదనుకుందాం. ఆతిథేయి తన మెమరీని తాను వసూలు చేసుకుంటుంది గాని, అతిథిలో మిగిలిన ఆ నిలుపుదల బైటును ఎవరు తీస్తారు? అతిథి ఆ చోటికి రాగానే తనకు అర్థం కాని నిలుపుదల ఎదురై కెర్నల్ కుప్పకూలవచ్చు. ఆపి ఉంచిన అతిథిని తిరిగి నడిపించడం మరచినా అంతే. అది ప్రాణమున్న శిలయై పడి ఉంటుంది.

ఇందులో వరుస కూడా ముఖ్యమే. అతిథికి నాలుగు ప్రాసెసర్లు ఉన్నాయనుకోండి. మనం బ్రేక్‌పాయింట్ తొలగిస్తున్న క్షణంలోనే మరొక ప్రాసెసరు దానిని తాకి ఉండవచ్చు. ఆ కబురు ఇంకా వరుసలో వేచి ఉండవచ్చు. కబురు అందుకునేవాని నమోదును ముందే రద్దు చేస్తే ఆ ప్రాసెసరుకు జవాబు చెప్పేవాడు లేడు. కనుక అతిథిని ఆపి, పాత బైట్లను యథాస్థానంలో ఉంచి, వేచి ఉన్న కబుర్లన్నిటికీ సమాధానం చెప్పి, ఆపైన నమోదులను రద్దు చేసి, అతిథిని నడిపించి, చిట్టచివరకే తలుపు మూయాలి. లిబ్‌విఎంఐలో సంఘటన నమోదుకు ఇచ్చిన వస్తువు, ఆ నమోదు ఉన్నంతకాలం బ్రతికి ఉండేలా చూడవలసిన బాధ్యత ప్రోగ్రాము వ్రాసేవానిదే. ఒక ఫంక్షన్‌లో స్థానికంగా దానిని సృష్టించి, నమోదు చేసి, ఫంక్షన్ నుండి తిరిగి వచ్చేయడం కొత్తవారు తరచు పడే గుంట. చిన్న మరపులూ చిన్నవి కావు. అతిథి నుండి చదివిన ప్రతి పేరుకూ 64 బైట్లు తీసుకుని విడువకపోతే, సెకనుకు వేయి సంఘటనల లెక్కన రోజుకు 550 కోట్ల బైట్లకు పైగా చేరుతుంది. కాపలా ప్రోగ్రాము నెలల తరబడి నడవవలసినదని గుర్తుంచుకోవాలి.

దీనికి భాషలే మందు అనేవారున్నారు. చెత్త ఏరివేత ఉన్న భాషలో వ్రాస్తే సరిపోతుందన్న మాట నాకు రుచించదు. ఏరివేత ఎప్పుడు జరుగుతుందో దానికే తెలియదు. అంతవరకు అతిథి ఆగి ఉండవలసినదేనా? జావా భాషలో ‘ఫైనలైజ్’ పద్ధతిని 2017లో వచ్చిన 9వ సంచికలోనే వాడదగనిదిగా ప్రకటించారు. సి++ మార్గం ఇంతకంటె మేలు. వస్తువు తన పరిధి దాటగానే, నిర్మించిన వరుసకు తలకిందుల వరుసలో విధ్వంసక ఫంక్షన్లు పనిచేస్తాయి. 2015లో మొదటి స్థిర సంచికగా వెలువడిన రస్ట్ భాష మరొక అడుగు ముందుకు వేసి, యాజమాన్యాన్నీ ఎరువునూ భాషా నియమాలుగానే పెట్టింది. యజమాని పోయిన తరువాత ఎరువు మిగిలి ఉంటే ప్రోగ్రామును కంపైలరు అంగీకరించదు. మన సామెత వారికి తెలియకపోయినా భావం తెలిసినట్లున్నది!

ఐనా అక్కడా ఒక కథ ఉన్నది. ఆ మొదటి సంచికకు కొద్దికాలం ముందు, విధ్వంసక ఫంక్షన్ తప్పక నడుస్తుందన్న నమ్మకం మీద కట్టిన ఒక సదుపాయాన్ని, ఆ నమ్మకానికి హామీ లేదని గ్రహించి, వారు తొలగించవలసి వచ్చింది. వస్తువును కావాలని మరచిపోవడానికి ఆ భాషలో అనుమతి ఉన్నది. అందుచేత తాళం చెవిని వాడేవాని చేతికి ఇవ్వకుండా, అతనిని గదిలోకి పిలిచి, పని ముగియగానే మనమే తాళం వేసుకునే పద్ధతి నాకు నచ్చింది. ‘అతిథిని ఆపి ఈ పని చేయి’ అనే ఫంక్షన్‌కు పనిని అప్పగిస్తాము. నడిపించే భారం ఆ ఫంక్షన్‌దే.

ఇంతవరకు చెప్పినది సగమే. తక్కిన సగం ఏ భాషకూ లొంగనిది. అతిథి లోపలి వస్తువుల ఆయుష్షు అతిథి చేతిలో ఉన్నది. లినక్స్ అతిథిలో ప్రతి ప్రక్రియకూ ‘టాస్క్ స్ట్రక్ట్’ అనే నమోదు ఉంటుంది. దాని చిరునామాను మనం పట్టుకుని ఉండగానే ఆ ప్రక్రియ ముగిసి, ఆ చోటు వేరొకరికి దక్కవచ్చు. మనం చదివితే తప్పు జరిగినట్లు యంత్రం చెప్పదు. బైట్లు వస్తాయి, అర్థం మాత్రం మారిపోయి ఉంటుంది. కంపైలరు మన ఇంటి యజమానులను ఎరుగును గాని పొరుగింటివారిని ఎరుగదు. కనుక చిరునామాలను దాచుకోకుండా, అతిథిని క్షణకాలం ఆపి, కావలసిన విలువలను నకలు తీసుకుని, వెంటనే విడిచిపెట్టడమే ఉత్తమం. వేగం తగ్గుతుందన్న ఆక్షేపణ నిజమే. తప్పుడు ప్రక్రియను దొంగగా చూపే కాపలా కంటె కొంచెం నెమ్మది కాపలా మేలని నేనంటాను.

మరొక ఆక్షేపణ ఉన్నది. పట్టుకోవడానికి వీలులేని సంకేతంతో ప్రోగ్రామును చంపితే ఏ విధ్వంసక ఫంక్షనూ నడవదు, అప్పుడేమిటి? దీనికి భాషలో జవాబు లేదు, రూపకల్పనలో కొంత ఉన్నది. జెన్ 4.6వ సంచికతో 2015లో వచ్చిన ఆల్ట్‌పి2ఎం అనే సదుపాయంతో అతిథి అసలు పుటను ముట్టకుండా, దాని నకలులో బ్రేక్‌పాయింట్ పెట్టి, ఆ నకలును చూపే వేరొక దృశ్యాన్ని ప్రాసెసరుకు ఇవ్వవచ్చు. విడిచిపెట్టే వేళ వందల బైట్లను ఒక్కొక్కటిగా సరిచేయనక్కరలేదు. అసలు దృశ్యానికి మరల్చితే చాలు. ప్రోగ్రాము హఠాత్తుగా చనిపోయినా బయటి నుండి మరొక చిన్న ప్రోగ్రాము ఆ ఒక్క పనీ చేయగలదు. అప్పు తీర్చడం తేలికగా ఉండేటట్లు అప్పు చేయడమంటే ఇదే.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ప్రయోగ పరీక్షలలో ప్రోగ్రాము ఫలితం చూపితే మార్కులు వేయడం వాడుక. అది ఎలా ముగిసినదో అడిగే వాడుక లేదు. చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టులకైనా ఒక అదనపు పరీక్ష పెట్టాలి. పని నడుస్తుండగా మధ్యలో కంట్రోల్-సి నొక్కి ఆపి, పది నిమిషాలు అతిథిని నడవనిచ్చి చూడాలి. అతిథి బ్రతికి ఉంటే మార్కులు. లేకుంటే ఎంత చక్కని ఫలితం చూపినా సగమే. ఈ పరీక్షకు ప్రత్యేక వ్యయం అక్కరలేదు. వర్చువలైజేషన్ సదుపాయం గల ఇంటెల్ ప్రాసెసరు ఉన్న ఒక్క కంప్యూటరు చాలు. జెన్, లిబ్‌విఎంఐ రెండూ ఉచితంగా లభించేవే. తొలి పాఠాలకు అతిథి మెమరీని ఒక ఫైలుగా భద్రపరచి, దానిని చదివించవచ్చు. ఫైలులోని అతిథి కదలదు గనుక విద్యార్థి ముందుగా తన వస్తువుల లెక్క తాను సరిచూసుకోవచ్చు. పొరుగింటి లెక్కకు రెండవ సెమిస్టరులో పోవచ్చు.