మొండోడని పేరు పెడితే అయిపోయిందా?



ప్రతి క్లాసులో ఒకరిద్దరికి "మొండోడు", "రౌడీ" అని పేరు పడుతుంది. చిన్న మాటకే కొట్లాటకు దిగుతాడు, స్టడీ అవర్‌లో పక్కోళ్లను గెలుకుతాడు. మార్కులు తక్కువొస్తే "వానికి చదువు ఎక్కదు" అనేస్తాం. తెలివి ఉన్నా మనసు కుదురుగా లేకనే చదువు ఎక్కదని నా అభిప్రాయం.

కొంత గుణం పుట్టుకతో వస్తుంది. ఒకరు నెమ్మది, ఒకరు దుడుకు. దానికి ఇంటి పరిస్థితి తోడవుతుంది. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి ఎంతోమంది చెరుకు కొట్టడానికి నెలల తరబడి వలస పోతారు. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసే తల్లిదండ్రులూ ఉన్నారు. సెలవులకు పోతే ఇంటికి తాళం. ఆ బాధ చెప్పుకోరాక కోపమై బయటికొస్తుంది. లొల్లి చేస్తే క్లాసు బయట నిలబెడతారు. ఆ రోజు లెక్క పోతుంది. తెల్లారి లెక్క అర్థం కాదు. బోర్డు దగ్గరికి పిలిస్తే సిగ్గు, నలుగురు నవ్వితే మళ్లీ లొల్లి.

అమెరికాలో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని చెప్పారు. 2018లో వేరేవాళ్లు ఎక్కువమంది పిల్లల మీద మళ్లీ పరిశీలించి, ఇంటి పరిస్థితి కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలా తగ్గింది. రేపు దొరుకుతుందన్న నమ్మకం ఉన్నోడికే ఓపిక వస్తుంది కదా!

అట్లని కొట్టినోణ్ని వదిలేయమనట్లేదు. దెబ్బ తిన్నోడికీ భయంతో చదువు మీద ధ్యాస ఉండదు. తప్పు చేసినోడు క్షమాపణ చెప్పాలి, పాడు చేసింది బాగు చెయ్యాలి. పాఠం మాత్రం పోనీయొద్దు.

2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 8వ తరగతి అయ్యేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయొద్దన్నది. పై తరగతుల వాళ్లకూ అదే న్యాయం ఉండాలి. సార్లకు మనవి: టీసీ మాట ఎత్తే ముందు ఒక్కణ్నే పిలిచి "ఏమైంది బిడ్డా" అని అడగండి. టీసీ పట్టుకొని పోయినోడు ఇంకో బడికి పోతాడన్న నమ్మకం లేదు. చెరుకు తోటకో, కంపెనీ గేటుకో పోతాడు.

మిత్రులారా, పేర్లు పెట్టుడు మానండి. వానికి రాని లెక్క మీరు ఒకసారి చెప్పండి. కోపం వచ్చినోళ్లు నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కొని రండి. కోపం ఐదు నిమిషాలు, చదువు జీవితాంతం. అందరూ ఆలోచించండి.