దాహం అడిగినంతే తాగండి!

ఈత, సైకిల్, పరుగు... మూడూ ఒకదాని వెంట ఒకటి పూర్తిచేస్తే ట్రయథ్లాన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కించుకున్న ఈ ఆట మనకీ కొత్తేం కాదు. 2019లో గోవాలో జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీనే చూడండి. 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి. అంటే గంటల తరబడి చెమటోడ్చాల్సిందే!

అలాంటి పోటీకి వెళ్లేవారికి ఇంట్లోవాళ్లు ఏం చెబుతారు? 'దాహం వేసేదాకా ఆగకు, నీళ్లు బాగా తాగు' అనే కదా. ఒకప్పుడు నిపుణులదీ అదే మాట. చెమట రూపంలో పోయిన నీటినంతా భర్తీ చేసుకోవాలి, లేదంటే తాగగలిగినంత తాగాలి అని 1996లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచించింది. ఆ తర్వాత ఆ మాట మారింది. ఎందుకంటే, అతిగా తాగిన నీళ్లు ప్రాణాల మీదకు తెచ్చాయి కాబట్టి.

బోస్టన్ నేర్పిన పాఠం

2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తాన్ని పరిశోధకులు పరీక్షించారు. 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. ముగ్గురిలో మరీ ప్రమాదకరంగా పడిపోయింది. ఆ పోటీలోనే పాల్గొన్న 28 ఏళ్ల యువతి ఒకరు ఈ సమస్యతో కన్నుమూశారు. సోడియం తగ్గే ముప్పు పరుగులో బరువు పెరిగినవారికీ, నాలుగు గంటలకు పైగా పరిగెత్తినవారికీ ఎక్కువని తేలింది. నెమ్మదిగా వెళ్లేవారికి చెమట తక్కువ, ఆగి తాగడానికి తీరిక ఎక్కువ మరి!

అసలేం జరుగుతుంది? ఉప్పు సరిగ్గా పడిన చారులో చెంబుడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? చప్పబడుతుంది. రక్తమూ అంతే. పైగా కఠినమైన వ్యాయామం చేసేటప్పుడు నీటిని బయటికి పోనివ్వని హార్మోను ఒంట్లో పెరుగుతుంది. దాంతో మూత్రం తగ్గి, నీరు లోపలే నిలిచిపోతుంది. పలచబడిన రక్తంలోంచి ఆ నీరు కణాల్లోకి చేరుతుంది. మెదడు కణాలు ఉబ్బితే పుర్రెలో చోటెక్కడిది? తలనొప్పి, వాంతులు, తికమక మాటలు... ముదిరితే ఫిట్స్, స్పృహ తప్పడం. చూసేవాళ్లు 'నీరసించాడు' అనుకుని ఇంకో సీసా అందిస్తే ముప్పు రెట్టింపవుతుంది!

స్పోర్ట్స్ డ్రింకులు తాగితే సరిపోతుందా అంటే, అదీ కాదు. వాటిలోని సోడియం రక్తంలో ఉన్నదానికన్నా చాలా తక్కువ. అతిగా తాగితే అవీ రక్తాన్ని పలచబరుస్తాయి.

ఏం చేయాలి?

* పోటీలో దాహాన్ని బట్టి తాగండి. 2015లో వివిధ దేశాల నిపుణులు కలిసి చెప్పిందీ ఇదే.

* సాధన రోజుల్లో ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కాస్త తగ్గడం మామూలే. పెరిగారంటే మాత్రం ఎక్కువ తాగినట్టే.

* వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకున్నా, కడుపు నీళ్లతో బరువెక్కినా తాగడం ఆపండి.

* మాట తడబడుతున్నా, వాంతులు ఆగకున్నా నీళ్లు పట్టకండి. వెంటనే వైద్యశిబిరానికి తీసుకెళ్లి, ఎంత తాగారో డాక్టరుకు చెప్పండి.

ఇదంతా విని ఎండలో పనిచేసేవారు నీళ్లు మానేయకూడదు. మన వేసవిలో వడదెబ్బ ముప్పు ఎప్పుడూ ఉండేదే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, పెద్దవయసువారు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. మీ అబ్బాయో, అమ్మాయో పోటీకి బయల్దేరితే మాత్రం సీసా చేతికిస్తూ ఈ ఒక్క మాట చెప్పండి: 'దాహమైతే తాగు, బలవంతంగా వద్దు!'