మంచానికి ఇచ్చే రూపాయిలో పావలా

వరంగల్‌లో ఆసుపత్రికి విరాళమంటే వీల్‌చైరో, మంచమో, రోగుల వెంట వచ్చినవారికి ఒక పూట భోజనమో. అవన్నీ కావాలి. కానీ గడ్డిమందు ఒంట్లోకి వెళ్లి ఎంజీఎం ఆసుపత్రిలో చేరిన రైతుబిడ్డ పక్కన నిలబడ్డ డాక్టరుకు కావలసింది వేరు. పారాక్వాట్ అనే ఆ గడ్డిమందుకు నేటికీ విరుగుడు లేదు. ఊపిరితిత్తులు రోజురోజుకూ గట్టిపడుతుంటే చూస్తూ ఉండాల్సిందే. పత్తి చేల నడుమ ఉన్న ఊరు మనది. ఈ విషం మీద పరిశోధన 1959లో పుట్టిన మన కాకతీయ వైద్య కళాశాలలో కాకపోతే ఇంకెక్కడ జరగాలి? దానికి డబ్బెవరిస్తారు?

హైదరాబాద్‌లో ఒక దారి కనిపిస్తుంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ప్రారంభించిన కంటి ఆసుపత్రికి సినీ ప్రముఖుడు ఎల్వీ ప్రసాద్ స్థలమూ సొమ్మూ ఇచ్చారు. ఉన్నవాళ్లు కట్టే ఫీజు లేనివాళ్ల ఆపరేషన్లకు ఆసరా అయింది. విరాళాలు, గ్రాంట్లు ప్రయోగశాలను నిలబెట్టాయి. రసాయనాలు పడి కన్ను కాలినవారికి మూలకణాలతో చేసే చికిత్స అక్కడ ఎదిగింది.

ఎంజీఎంకు ఫీజుల దారి వద్దు. అక్కడ వైద్యం ఉచితంగానే ఉండాలి. పరిశోధనకు నిధి మాత్రం పెట్టవచ్చు. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టమంటోంది. కాకతీయలో చదివి విదేశాల్లో స్థిరపడ్డ డాక్టర్లూ ఉన్నారు. మంచానికి ఇచ్చే రూపాయిలో పావలా తీసి, విషం కేసుల రిజిస్టరుకు, రక్తపరీక్షలకు, ఒక యువ పరిశోధకురాలి జీతానికి కేటాయించాలి. ఆ లెక్కలు మూడు నెలలకోసారి ఆసుపత్రి గోడ మీద అంటించాలి.