మేమిచ్చే విరాళాల లెక్క మాకూ చూపించండి

కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఛైర్మన్ గారికి,



మా తెనాలిలో బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళం కొందరం ఏటా తలా కొంత వేసుకుని సేవాసంస్థలకు పంపుతుంటాం. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ప్రతి రూపాయీ పెన్షన్లోంచి వచ్చిందే కనుక ఎవరికివ్వాలన్న చర్చ మాత్రం గట్టిగానే నడుస్తుంది. అడిగేవాళ్ళకు కొదవ లేదు. అనాథాశ్రమం, వృద్ధాశ్రమం, గోశాల, తలసేమియా పిల్లలకు రక్తమెక్కించే కేంద్రం, ఎక్కడో ఏజెన్సీలో గిరిజన పిల్లల హాస్టలు. చాలామంది దగ్గర మీ శాఖ ఇచ్చిన 80జి ధ్రువపత్రం ఉంటుంది. అది బల్లమీద పెట్టగానే మాలో సగంమంది 'ప్రభుత్వమే ఒప్పుకుంది, ఇంకేం కావాలి' అనేస్తారు. ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ మాటే.

ఆ కాగితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో మీకు తెలిసినంతగా దాతలకు తెలియదు. సంస్థ ఆశయాలు ధర్మకార్యాలేననీ, దానికిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుందనీ చెబుతుంది. అంతవరకే. వచ్చిన డబ్బుతో నిరుడు ఏం చేశారు, ఎంత మిగిల్చారు, ట్రస్టీ తమ్ముడి భవనానికి అద్దె ఎంత కట్టారు, ఇవేవీ అందులో ఉండవు. అవి ఉండే కాగితం వేరు. ఆడిటర్ సంతకంతో ఏటా మీకే చేరుతుంది.

10బి, 10బీబీ ఫారాల సంగతి చెబుతున్నాను. 2023లో మీరు వాటిని తిరగరాసి, మునుపు అడగని వివరాలెన్నో అడగడం మొదలుపెట్టారు. 5 కోట్లకు పైబడి ఆదాయం ఉన్నవీ, విదేశీ విరాళాలు అందుకునేవీ 10బి ఇవ్వాలి. మిగతావి చాలావరకు 10బీబీ ఇస్తాయి. ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకే వెళ్ళిందా, పక్కనపెట్టిన సొమ్ము దేనికోసం, ఎక్కడ దాచారు అన్నవి ఈ నివేదికల్లో తేలతాయి. వ్యవస్థాపకులకు, ట్రస్టీలకు, వాళ్ళ బంధువులకు సంస్థ నుంచి ఏ రూపంలో ఎంత ముట్టిందో కూడా ఆడిటర్ రాయాలి. చందా ఇచ్చేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు మీ దగ్గర ఉంది, మా దగ్గర లేదు.

నిరుడు ఒక సంస్థవాళ్ళు మాకు నున్నటి కాగితంమీద రంగుల్లో అచ్చేసిన వార్షిక నివేదిక పంపారు. నోటు పుస్తకాలు పట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లలు, వెనకాల బ్యానరు, బ్యానరుమీద ఆ పిల్లలకంటే పెద్దగా దాతగారి బొమ్మ. ఆఖరి పేజీలో జమాఖర్చులు. ఖర్చు వైపు 'సేవా కార్యక్రమాలు' అని ఒకే పద్దు, దానికెదురుగా దాదాపు మొత్తం డబ్బు. విడదీసి చూపించమని ఫోన్ చేస్తే, 'నమ్మకం ఉంటే ఇవ్వండి, లేకపోతే మానేయండి' అన్నారు. మానేశాం. వాళ్ళు మోసగాళ్ళని నేననను. పిల్లలకు మంచే చేస్తున్నారేమో! తెలుసుకునే దారి లేకపోవడమే నా బాధ.

అదే ఏడాది మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక చిన్న వృద్ధాశ్రమానికి చెప్పాపెట్టకుండా వెళ్ళాం. కరపత్రం కూడా లేదు వాళ్ళకు. మేనేజరమ్మ బీరువాలోంచి సరుకుల రిజిస్టరు తీసి ముందు పెట్టింది. బియ్యం బస్తాలు వచ్చిన తేదీ, పూటకు ఎంతమంది తిన్నారు, ఎంత బియ్యం పోశారు. ఒకచోట రెండురోజులు లెక్క తగ్గింది. పక్కన చిన్న అక్షరాలతో, 'సుబ్బమ్మగారు గుంటూరు ఆస్పత్రి' అని రాసుంది. బీపీ మాత్రలకు వేరే పుస్తకం, పేరుపేరునా. వంటమనిషికీ రాత్రి కాపలా ఉండే ఆయమ్మకూ జీతాలు ఒకటో తారీఖునే ఇచ్చినట్టు సంతకాలున్నాయి. ఆ ఏడు మా డబ్బు అక్కడికే వెళ్ళింది.

కానీ ఆటోలో వెళ్ళిరాగలిగే దూరంలో ఉన్నవాటినే అలా చూడగలం. పాడేరు ఏజెన్సీలో హాస్టలు నడిపేవాళ్ళనూ, ఉట్నూరు గూడేల్లో గర్భిణులకు మందులందించేవాళ్ళనూ తెనాలినుంచి ఎలా చూస్తాం? చివరికి ఏమవుతోందంటే, అవసరం ఎక్కువున్న చోటికి కాక మా కంటికి కనిపించే చోటికే డబ్బు పోతోంది. లేదా బాగా ఫొటోలు తీయించుకోగలిగిన వాళ్ళకు పోతోంది.

దాతల తప్పు కూడా ఒకటి చెప్పాలి. లెక్కలు చూస్తామనేవాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే, 'ఆఫీసు ఖర్చు, జీతాలు ఎంత శాతం?' తక్కువుంటే మంచి సంస్థ, ఎక్కువుంటే దోపిడీ అని తీర్మానం. ఇది నాకు సుతరామూ నచ్చదు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థనే తీసుకోండి. ఊళ్ళలో కంటి పరీక్షా కేంద్రాలు పెట్టి, ఆ చుట్టుపక్కల పిల్లలకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టారు. కంటిలో శుక్లం ముదరకముందే కనిపెట్టేది ఆ కుర్రాళ్ళే, ఆ అమ్మాయిలే. అక్కడ జీతమే సేవ. నోటు పుస్తకాలు పంచి వెళ్ళిపోయే సంస్థకు జీతాల ఖర్చు ఉండదు, నిజమే. మళ్ళీ ఏడాది ఆ పిల్లలు బడిలో ఉన్నారో లేదో చూసే మనిషి కూడా ఉండడు. పూర్తి నివేదిక చేతికి అందితే దాతలు ఈ ఒక్క శాతాన్ని పట్టుకు వేలాడరని నా నమ్మకం. జీతం ఎవరికి, ఏ పనికి అన్నది కనిపిస్తే చాలు.

ఇందులో మీకూ బాధ్యత ఉందని ఎందుకంటున్నానో చెబుతాను. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నాయన 80జి సంస్థకు 10,000 రూపాయలిస్తే సాధారణంగా సగానికి మినహాయింపు వస్తుంది. సెస్సు పక్కనపెట్టినా 1,500 పన్ను తగ్గుతుంది. అంటే ఆ పదివేలలో పదిహేనువందలు ఖజానావి. సంస్థ తన ఆదాయంమీద కట్టకుండా మిగుల్చుకునే పన్ను ఇంకా పైన. ఒక్క రూపాయి చందా ఇవ్వని మనిషి కూడా ఈ సంస్థలకు దాతే! ఇక కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్ళకు 80జి మినహాయింపే లేదు. మాలో చాలామందిమి అందులోనే ఉన్నాం, అయినా ఇస్తున్నాం. మాకు ఆ ధ్రువపత్రం పన్ను తగ్గించే కాగితం కాదు, మీరిచ్చిన పూచీ. పూచీ ఇచ్చినవాళ్ళు లెక్క చూపించాలి కదా?

మిగతా డబ్బుల విషయంలో ఈ దేశమే దారి చూపించింది. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఏ కంపెనీ ఏ పనికి ఎంత పెట్టిందో ఎవరైనా చూసుకోవచ్చు. రాజకీయ పార్టీల ఆడిట్ నివేదికలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటాయి. పార్టీల లెక్కలే బయట ఉన్నప్పుడు అన్నదాన ట్రస్టు లెక్కలు దాచాల్సిన పనేముంది? బయటి దేశాల్లోనూ అంతే. అమెరికాలో మన తెలుగు సంఘాలతో సహా పన్ను మినహాయింపు పొందిన సంస్థలు దాఖలు చేసే 990 ఫారం చట్టప్రకారం బహిరంగ పత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడాదికి 25,000 పౌండ్లు దాటి ఆదాయమున్న ధార్మిక సంస్థల లెక్కలు ఛారిటీ కమిషన్ జనం ముందు పెడుతుంది. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు అక్కడి సంఘం లెక్క ఫోన్లో చూసుకుని చందా కడతాడు. సొంతూరి ట్రస్టుకు పంపాల్సి వస్తే మేనమామ మాటమీద పంపుతాడు.

మన దగ్గర ఉన్న కొద్దిపాటి వెలుతురూ తగ్గింది. విదేశీ విరాళాలు అందుకునే సంస్థల వార్షిక రిటర్నులు హోంశాఖ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేవి. 2022 జులైలో తీసేశారు. అది మీ శాఖ పని కాదని తెలుసు. మీ చేతిలో ఉన్నదైనా తెరవమని అడుగుతున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడమీద పడి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఖమ్మంలో మున్నేరు ఇళ్ళను ముంచెత్తినప్పుడు, మా ఫోన్ల నిండా క్యూఆర్ కోడ్లే. అలాంటప్పుడు విచారణ చేస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. పేరు కొట్టగానే గత మూడేళ్ళ లెక్క కనిపిస్తే పది నిమిషాల్లో తేల్చుకుని పంపేవాళ్ళం. ఆ రోజు పాలప్యాకెట్టు సాయంత్రంలోగా చేరాలి.

చిన్న సంస్థలకు ఇది కొత్త భారమంటారేమో. ఒక్క కాగితం కూడా అదనంగా రాయక్కర్లేదు. ఇప్పటికే ఆన్‌లైన్లో మీకు పంపినదాన్ని కనపడనివ్వడమే. దాతల పేర్లు, పాన్ నంబర్లు ఉండే 10బీడీ జోలికి పోవద్దు, గుప్తదానం చేసేవాళ్ళ మర్యాద కాపాడాల్సిందే. సాయం పొందినవాళ్ళ వివరాలూ బయటికి రాకూడదు. పన్ను రిటర్ను గోప్యమంటారా, నా రిటర్ను గోప్యంగా ఉంచండి, ఒప్పుకుంటాను. పదిమంది దగ్గర చేయి చాచి పన్ను లేకుండా నడిచే సంస్థకు ఆ ముసుగు అక్కర్లేదు.

2025లో పార్లమెంటు కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది, 2026 ఏప్రిల్ 1 దాని అమలు తేదీ. సెక్షన్ల నంబర్లు మారినా మేం 80జి అనే అంటాం. ఆ చట్టం కింది నియమాల్లో ఒక్కటి చేర్చండి: విరాళాలకు మినహాయింపు పొందే ప్రతి సంస్థ ఆడిట్ నివేదికా దాఖలైన నెలలోపు మీ వెబ్‌సైట్లో కనిపించాలి, పేరుతోనూ జిల్లాతోనూ వెతకడానికి వీలుండాలి. గుర్తింపు రద్దయితే ఆ సంగతీ, కారణమూ అక్కడే ఉండాలి.

ఈలోగా మేం ఊరుకోదలచుకోలేదు. ఈ ఏడు మా దగ్గరకు వచ్చే ప్రతి సంస్థనూ కిందటేటి ఆడిట్ నివేదిక నకలు అడగాలని తీర్మానించుకున్నాం. ఇచ్చినవాటిని మా సంఘం గదిలో చందాదారులందరికీ అందుబాటులో పెడతాం. ఇవ్వనివాళ్ళ దరఖాస్తు పరిశీలనకే తీసుకోం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి