తొలి రైతు ముద్దాయి కాడు

వాతావరణంలోని బొగ్గుపులుసు వాయువును మానవుడు ఎప్పటి నుంచి పెంచుతున్నాడన్న ప్రశ్నపై శాస్త్రజ్ఞుల మధ్య రెండు దశాబ్దాలకు పైగా వాదోపవాదాలు సాగుతున్నాయి. పారిశ్రామిక విప్లవంతోనే ఇది మొదలైందన్నది చిరకాల అభిప్రాయం. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు విలియం రడిమన్ 2003లో దీనిని సవాలు చేశారు. దాదాపు 8 వేల ఏళ్ల క్రితం అడవులు నరికి సేద్యం ఆరంభించిన నాడే మానవుడు ఈ వాయువును పెంచాడని, సుమారు 5 వేల ఏళ్ల క్రితం ఆసియాలో విస్తరించిన వరి సాగు మీథేన్‌ను కూడా పెంచిందని ఆయన ప్రతిపాదించారు.

ఈ వాదానికి ఆధారం అంటార్కిటికా మంచు పొరలలో చిక్కుకున్న ప్రాచీన గాలిబుడగలు. గాలిలో పది లక్షల పాళ్లకు 260 పాళ్ల వరకు తగ్గిన బొగ్గుపులుసు వాయువు, పారిశ్రామిక విప్లవం నాటికి 280 పాళ్లకు చేరిందని వాటి పరిశీలనలో తేలింది. గత వెచ్చని యుగాలలో తగ్గుతూ వచ్చిన వాయువు ఈ యుగంలో పెరగడానికి మానవుడే కారణమని రడిమన్ తర్కం. సుమారు 4 లక్షల ఏళ్ల నాటి వెచ్చని యుగంలో సేద్యమే లేకున్నా వాయువు స్థాయి దీర్ఘకాలం తగ్గలేదని ప్రత్యర్థుల సమాధానం. ఈ పెరుగుదలలో ప్రధాన పాత్ర సముద్రాలదేనని వారి వాదన.

ఈ చర్చ ఎటు తేలినా ఒక సత్యం మారదు. నాడు వేల ఏళ్లలో పెరిగింది కేవలం 20 పాళ్లు. హవాయి దీవులలోని మౌనా లోవాలో చార్లెస్ కీలింగ్ 1958లో కొలతలు ప్రారంభించినప్పుడు 315 పాళ్లున్న ఈ వాయువు 2024లో 420 పాళ్లు దాటింది. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గు, చమురులలో రేడియో కార్బన్ మిగలదు. అటువంటి కార్బన్ గాలిలో కలుస్తున్నదని హాన్స్ స్యూస్ 1955లోనే వెల్లడించారు. ఇది నిర్వివాదాంశం.

ఈ తేడా భారతదేశానికి అత్యంత కీలకం. వరి పొలాన్ని ముద్దాయిగా నిలబెట్టే ప్రయత్నం ఇంతకు ముందు కూడా జరిగింది. భారత వరి పొలాల నుంచి ఏటా 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ వెలువడుతున్నదని అమెరికాలో అంచనా వేయగా, 1991లో ఏ.పి. మిత్ర నాయకత్వాన మన శాస్త్రజ్ఞులు పొలాలలో కొలిచి చూస్తే అది సుమారు 40 లక్షల టన్నులేనని తేలింది. బతుకుతెరువు కోసం వెలువడే వాయువునూ, విలాసాల కోసం వెలువడే వాయువునూ ఒకే గాటన కట్టరాదని ఆ ఏడాదే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు. దేశాల బాధ్యత ఉమ్మడిదే అయినా సమానం కాదన్న సూత్రాన్ని 1992 నాటి ఐక్యరాజ్య సమితి వాతావరణ ఒప్పందం అంగీకరించింది.

ఇంధనాల దహనం వల్ల ఇప్పటిదాకా వెలువడిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు అమెరికాదే. భారత్ వాటా నాలుగు శాతానికి మించదు. అయితే ఏటా వెలువరించే వాయువులో చైనా, అమెరికాల తరువాతి స్థానం భారత్‌దేనన్న వాస్తవాన్ని విస్మరించరాదు. చరిత్ర మనకు న్యాయమైన వాటా కోరే హక్కునిస్తుందే తప్ప ఉదాసీనతకు అనుమతి ఇవ్వదు. అదే విధంగా, నాగలి పట్టిన తొలి రైతును చూపించి చమురు యుగపు బాకీని ఎగవేయడానికి సంపన్న దేశాలకూ హక్కు లేదు.