మా బ్యాండు మీ లెక్కలో ఎందుకు లేదు?

ఇంగ్లీషు పత్రికలకు ఒక అలవాటుంది. ఏడాదికోసారైనా 'రావలసినంత పేరు రాని రాక్ బ్యాండ్లు' అని ఒక జాబితా వేస్తాయి. గిటార్లు పట్టుకున్న నలుగురు కుర్రాళ్ల ఫొటో, లోకం వీళ్లని పట్టించుకోలేదని రెండు పేరాల విచారం. ఆ విచారాన్ని మేం ఎగతాళి చెయ్యం. చేసిన పనికి పేరు దక్కకపోతే ఎట్లుంటదో మాకు తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికి తెలుసు? మా ప్రశ్న వేరే. ఆ జాబితాలు రాసేవాళ్ల చెవులు ఎంతదూరం వింటాయి? చంపాపేట్ దాకా వింటాయా?

చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ఒకసారి నడిచి చూడండి. ఎటు చూసినా ఫంక్షన్ హాళ్లే. లగ్గాల రోజుల్లో పొద్దుగూకితే ఆ తొవ్వలో బస్సు కదలదు. బరాత్ వెనక బరాత్. ప్రతి బరాత్ ముందు ఒక బ్యాండు. భుజానికి డప్పు తగిలించుకున్నోళ్లు, మెడకు డోలు కట్టుకున్నోళ్లు, బాకా ఊదేటోళ్లు. వాళ్లు దరువు ఎత్తుకుంటే అమెరికా నుంచి దిగిన స్నేహితుడైనా, పట్టుచీర నలగొద్దనుకునే మేనత్తయినా ఎగరాల్సిందే. ఆషాఢంలో బోనాలొస్తే పోతురాజు అడుగు పడేది కూడా ఈ దరువుకే.

మరి ఈ బ్యాండు పేరేమిటి? కొట్టేవాళ్ల పేర్లేమిటి? హాలు పేరు పెళ్లి కార్డు మీద ఉంటుంది. ఫొటోలు తీసినాయన పేరు ఆల్బం మీద ఉంటుంది. బ్యాండు పేరు ఎక్కడా ఉండదు. "డప్పులోళ్లు వచ్చిన్రా?" అని ఒక్క మాట. బరాత్ హాలు గేటు దాకా పోతుంది. పెళ్లికొడుకు లోపలికి పోతాడు, డప్పు గేటు బయటే ఆగుతుంది. లోపల విస్తళ్లు లేచినంక మిగిలింది వీళ్లకు పొట్లం కట్టి ఇస్తారు. ఇచ్చేది కూడా చేతికివ్వరు, గోడ మీద పెట్టి పోతారు. ఇదేదో పాతకాలపు పల్లెటూరి ముచ్చట కాదు. మెట్రో రైలు నడుస్తున్న ఎల్.బి.నగర్ పక్కన మేం కళ్లారా చూస్తున్నది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. రాక్ బ్యాండుకు పేరు రాలేదంటే జనం వినలేదని అర్థం. మా దరువు వినని మనిషి ఈ పట్నంలో లేడు. విన్నారు, ఎగిరారు, చెమట తుడుచుకున్నారు, ఆ తర్వాత కొట్టినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టలేదు. దీనికి గుర్తింపు కొరత అని మెత్తని పేరు పెట్టకండి. దీని పేరు అంటరానితనం.

అది సంగీతం కాదు, ఉత్త చప్పుడు అంటారు పెద్దమనుషులు. అయితే వినండి. కర్రను గుండ్రంగా చట్రం కట్టాలె. మేక తోలో, దూడ తోలో నానబెట్టి, బూరు గీకి, లాగి బిగించాలె. కొట్టేముందు మంట మీద కాపాలె. ఎంత కాపితే ఏ నాదం పలుకుతదో చెయ్యికి తెలవాలె. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. చిర్ర గట్టి దెబ్బ వేస్తే చిటికెన పుల్ల ఆ దెబ్బల నడుమ సందులు నింపుతది. లగ్గం దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు, చాటింపు దరువు వేరు. దూరం నుంచి వినగానే ఊళ్లో ఏం జరిగిందో తెలిసిపోయేది. ఇదంతా నడుస్తూ, వంగుతూ, గుండ్రంగా తిరుగుతూ కొట్టాలె. రాక్ డ్రమ్మరుకు కూచోడానికి స్టూలన్నా ఉంటది. మావోడికి అదీ లేదు.

సభల్లో పూజలందుకునే మృదంగం మీద ఉన్నదేమిటి? తోలు కాదా? ఆవుదీ, గేదెదీ, మేకదీ తోలే కదా? ఆ తోలు కోసి, శుభ్రం చేసి, బిగించి నాదం తెచ్చిన వాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకమే రాశాడు. 2020లో ఆ పుస్తకావిష్కరణకు ముందు హాలు ఇస్తామన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత కాదు పొమ్మంది. తోలు పనికొస్తుంది, తోలు తెచ్చినవాడి కథ పనికిరాదు. తమిళనాట పఱై కొట్టినవాళ్ల కులం పేరే ఇంగ్లీషులోకి పోయి 'పరయా' అయ్యింది. వెలివేయబడ్డ మనిషి అని దానికి అర్థం చెప్పుకున్నారు. ఒక వాద్యం పేరు లోకమంతా తిట్టుగా తిరుగుతుంటే, ఆ వాద్యానికి 'రావలసినంత పేరు రాలేదు' అని ఎట్లా అంటాం?

ఇంతకీ ఆ రాక్ సంగీతం ఎవరిది? అమెరికాలో నల్లవాళ్ల చర్చీల్లో, పత్తిచేల పక్కన పుట్టినది. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల గాయని 1952లో 'హౌండ్ డాగ్' పాట పాడింది. 1953లో రికార్డు వచ్చి నల్లవాళ్ల సంగీత జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తనకు దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె తర్వాత చెప్పింది. 1956లో అదే పాట తెల్ల కుర్రాడు ఎల్విస్ ప్రెస్లీ పాడితే లోకం ఊగిపోయింది. 1984లో ఆమె ఒక అద్దె గదిలో చనిపోయింది. రాక్ అండ్ రోల్ కీర్తి మందిరంలో ఆమె పేరు చేర్చడానికి 2024 దాకా పట్టింది. చచ్చిన నలభై ఏళ్లకు!

ఇంకో ముచ్చట. డెట్రాయిట్ పట్నంలో హాక్నీ ఇంటిపేరున్న ముగ్గురు నల్ల అన్నదమ్ములు 'డెత్' అని బ్యాండు పెట్టారు. 1975లో పాటలు రికార్డు చేశారు. పెద్ద రికార్డు కంపెనీ ఆశ చూపింది, కాకపోతే పేరు మార్చుకోమంది. పెద్దోడు డేవిడ్ మార్చనన్నాడు. ఒప్పందం పోయింది. 1976లో సొంతంగా 500 రికార్డులు వేసుకున్నారు, అవి అటకెక్కాయి. డేవిడ్ 2000లో చనిపోయాడు. పాటలు ఆల్బంగా బయటికొచ్చింది 2009లో. అప్పుడు పత్రికలన్నీ 'పంక్ అనేది పుట్టకముందే పంక్ వాయించినోళ్లు' అని పొగిడాయి.

ఆ 'పేరు మార్చుకో' అనే మాట మాకు కొత్త కాదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, కాలేజీలో చేరినప్పుడు ఇదే సలహా. అందుకే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు మావోళ్లు దాచుకున్న కులం పేరును తీసి బహిరంగంగా తమ పేర్ల చివర తగిలించుకున్నారు, డప్పును జెండాగా ఎత్తుకున్నారు. చెన్నైలో 2018 జనవరిలో మొదటి కచేరీ చేసిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' కూడా ఆ తొవ్వనే నడిచింది. పా. రంజిత్, టెన్మా కలిసి కట్టిన ఆ బ్యాండులో గానా పాట, ర్యాప్, రాక్ గిటారు, పఱై ఒక్క వేదిక మీద నిలబడ్డాయి. అయోతీ దాస పండితుడు వాడిన 'కులభేదం లేని తమిళులు' అన్న మాటను పేరుగా పెట్టుకుంది. ఆ బ్యాండులో పాడిన అరివు 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' రాసి పాడితే కోట్లమంది విన్నారు. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ పత్రిక ఇండియా సంచిక ముఖచిత్రం మీద మిగతావాళ్లను వేసి అరివును వదిలేసింది. గోల చేస్తే తప్ప అతని బొమ్మ వెయ్యలేదు. ఈ జాబితాలు రాసే పత్రికల చెవి సంగతి ఇదీ!

మన హైదరాబాదు ఏమన్నా తక్కువ తిన్నదా? నిజాం కాలంలో అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు మర్ఫా తెచ్చారు. మాదిగల డప్పు, మంగళ్ల సన్నాయి, బార్కస్, ఏసీ గార్డ్స్ గల్లీల మర్ఫా పక్కపక్కనే మోగిన పట్నం ఇది. మనం తీన్‌మార్ అనేది ఇట్లాంటి చేతుల్లో పదునెక్కింది. 2011లో ఆ పేరుతో పెద్ద హీరో సినిమా వచ్చింది. టీవీలో వార్తల కార్యక్రమానికీ ఆ పేరే పెట్టుకున్నారు. పేరు అమ్ముడుపోయింది. కొట్టేవాడి చేతికి ఏమొచ్చింది?

దర్శనం మొగులయ్య సంగతి అందరికీ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర పలికించే దక్కలి కళాకారుడు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో గొంతు కలిపాడు. 2022లో పద్మశ్రీ. 2024 మే నెలలో చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డెక్కితే వచ్చే తుర్కయంజాల్‌లో కట్టుబడి పనిలో కూలీగా కనిపించాడు. పేరుకు పద్మశ్రీ, చేతికి కూలిపని. మన కళను గౌరవించామని చెప్పుకునే ప్రతి ప్రభుత్వమూ ఆ ఫొటోను ముందు పెట్టుకుని మాట్లాడాలి.

మనలో కొందరు అడుగుతున్నారు: "డప్పు బానిసపని కదా, చదువుకున్న పిల్లలు దాన్ని మళ్లా ఎందుకు పట్టాలె?" ఈ ప్రశ్న న్యాయమైనది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువుల్ని ఈడ్చే పని మానెయ్యమన్నారు. దొర గడీ ముందు, చావింటి ముందు పైసా లేకుండా డప్పు కొట్టం అని ఎదురు తిరిగిన పెద్దలు మాకు పూజ్యులు. మేం చెప్పేదీ అదే. వెట్టి డప్పు పగలగొట్టాల్సిందే. కానీ మనం వదిలేసిన దరువును డీజే పెట్టెలో పోసి వాళ్లే అమ్ముకుంటున్నారు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. అప్పుడు జనానికి మళ్లా డప్పు గుర్తొస్తుంది. పిలుస్తారు. పిలిచినప్పుడు మనం ఏ షరతు మీద పోవాలన్నదే అసలు సంగతి. కొట్టాలా వద్దా, ఎవరింటి ముందు కొట్టాలి, ఎంతకు కొట్టాలి? ఇది కొట్టేవాడు తేల్చుకోవాలి. కులం తేల్చకూడదు.

కాబట్టి మేం అడుగుతున్నాం:

బేరం ముందే కాగితం మీద రాయాలి. సగం పైసలు ముందే ఇయ్యాలి. రాత్రి ఎన్ని గంటలైతే అన్ని గంటలకు లెక్క కట్టాలి.

భోజనం బంతిలోనే పెట్టాలి. గేటు బయట పొట్లం ఇచ్చే పెళ్లికి డప్పు పోదు.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛనుంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణ ఆసరా పింఛన్ల పట్టికలో చేనేత, గీత, బీడీ కార్మికులు ఎక్కారు, అది న్యాయమే. డప్పుకు ప్రత్యేకంగా ఒక వరస ఎందుకు వెయ్యలేదు? ధూంధాంలలో డప్పు లేకుండా ఒక్క సభ జరిగిందా?

సర్కారు సంగీత కళాశాలల్లో మృదంగం గురువుకు వేసిన కుర్చీ డప్పు గురువుకూ వెయ్యాలి, అదే జీతంతో.

చివరిది మన పిల్లలకు. గిటారు నేర్చుకోండి, డ్రమ్స్ నేర్చుకోండి, అవి మన అన్నదమ్ముల చేతుల్లోంచి వచ్చినవే. బ్యాండు కట్టండి. దానికో పేరు పెట్టండి. డోలు మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయండి, కొట్టేవాళ్లందరి పేర్లూ రాయండి. ఎవడైనా వచ్చి ఆ పేరు మార్చుకోమంటే దరువు ఆపి, పైసలు లెక్క చేసుకుని, డప్పులు భుజాన వేసుకుని వచ్చెయ్యండి. బరాత్ ఎట్లా నడుస్తదో వాళ్లనే చూసుకోనియ్యండి.